అతిథులని అనకండి

హమ్మింగ్‌బర్డ్ బొమ్మ చూసిన విద్యార్థులు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. అగ్గిపెట్టెలో పట్టేటంత పిట్ట, మంచు కురిసే చలికాలంలో ఎక్కడికి పోతుంది? జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. వాటిలో ఎర్రని కంఠం ఉన్న ఒక రకం వేసవిలో కెనడా, అమెరికా దేశాల తూర్పు ప్రాంతాల్లో గూడు కట్టుకుంటుంది. దాని బరువు సుమారు 3 గ్రాములు. చలి ముదిరేలోపు పూలతేనె, చిన్న చిన్న పురుగులు తిని ఒంట్లో కొవ్వు నింపుకుని మెక్సికోకో, మధ్య అమెరికాకో బయలుదేరుతుంది. వాటిలో కొన్ని మెక్సికో సింధుశాఖ మీదుగా, ఎక్కడా వాలకుండా, 800 కిలోమీటర్ల దాకా ఎగిరిపోతాయి.

మన దేశంలో హమ్మింగ్‌బర్డ్ లేదు. క్వార్టర్ల ముందు మందార చెట్టు మీద వాలి, వంకర ముక్కు పూలో దూర్చి తేనె తాగే నల్లని మెరుపు పిట్టను చూసి కొందరు అదే ఇది అనుకుంటారు. అది తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌కు చుట్టం కూడా కాదు. చలికాలం వచ్చినా కోల్‌కతా వదిలి అది దూరదేశాలకేమీ పోదు. ఇక్కడి చలి దానికొక లెక్క కాదు.

అందువల్ల కోల్‌కతాలో చదువుకుంటున్న మనం ఈ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. పక్షులు చలికాలంలో ఎక్కడికి వెళ్తాయి అని ఉత్తరాది దేశాల పిల్లలు అడుగుతారు. వాళ్లకు మనం చెప్పగల జవాబు, "మా ఊరికి వస్తాయి" అని. హౌరా దాటగానే వచ్చే సంతరాగాఛీ స్టేషన్ పక్కన ఒక పెద్ద చెరువుంది. బెంగాలీలో దాన్ని ఝీల్ అంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ నీళ్ల మీద వేల పక్షులుంటాయి. అంత దూరం వెళ్లలేనివాళ్లు ఉదయం ప్రార్థన వేళ బడి మైదానంలోకి చూడండి. తెలుపు, నలుపు రంగుల్లో ఒక చిన్న పిట్ట తోక పైకీ కిందికీ ఆడిస్తూ గడ్డిలో చకచకా పరుగెడుతూ కనబడవచ్చు. ఇంగ్లీషులో వాగ్‌టెయిల్, బెంగాలీలో ఖంజన్. హిమాలయాల్లోనో, వాటికి ఉత్తరాన ఉన్న దేశాల్లోనో పుట్టి, చలికాలం గడపడానికి ఇక్కడికి వచ్చిన పిట్ట అది.

ఈ పక్షుల గురించి రాసేటప్పుడు తెలుగు పత్రికలు "విదేశీ అతిథులు" అని శీర్షిక పెడతాయి. బెంగాలీలో "అతిథి పాఖీ" అనే మాట బాగా వాడుకలో ఉంది. వినడానికి ఎంతో మర్యాదగా ఉండే మాట. అయినా ఆ మాట వద్దని నా అభిప్రాయం. దానివల్ల పక్షికి మేలు జరగడం లేదు. ఇంకో కారణం కూడా ఉంది. మూడేళ్లకో నాలుగేళ్లకో ఊరు మారే మీవంటి పిల్లలు, మావంటి పెద్దలు ఆ మాటను మనకు కూడా తగిలించుకుంటున్నాం. "మేం ఇక్కడివాళ్లం కాము, ఏదో నాన్నగారి ఉద్యోగం వల్ల ఉంటున్నాం" అని మీలో ఎంతమంది అనలేదు?

ముందు పక్షి సంగతి చూద్దాం. పక్షులు చలికి భయపడి పారిపోతాయని అనుకుంటాం. ఈకల కోటు ఉన్న బాతుకు చలి అంత పెద్ద బాధ కాదు. తిండి దొరకకపోవడమే అసలు కష్టం. ఉత్తరాన చెరువులు గడ్డకడితే నీటి మొక్కలు, గింజలు, పురుగులు అందవు. పగలు తగ్గిపోయి వెతుక్కునే సమయం కూడా ఉండదు. అందుకని దక్షిణానికి వస్తాయి. మరి ఇక్కడే ఉండిపోవచ్చు కదా? వేసవిలో ఉత్తరాన పగలు చాలా పొడవు. పురుగులు, మేత విపరీతంగా ఉంటాయి. పిల్లల్ని పెంచడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అందుకే ఏటా రెండు ప్రయాణాలు. పగటి పొడవు మారడాన్ని వాటి శరీరం గుర్తుపడుతుంది. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి వాటికి దిక్కు చెబుతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. సూదిలాంటి తోకతో ఉండే సూదితోక బాతు మన దేశానికి అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటుంది. పోగా మిగిలిన నెలల్లో కొంత ప్రయాణానికి పోతుంది, కొంత ఉత్తరాన గూడుకీ, పిల్లలకీ పోతుంది. గుడ్డు పెట్టిన చోట అది గడిపే కాలం కన్నా మన చెరువుల్లో గడిపే కాలం తక్కువేమీ కాదు. ఏడాదిలో ఇన్ని నెలలు ఉండే ప్రాణిని అతిథి అంటామా? అటువైపు మూడు నాలుగు నెలలుంటే సొంత ఇల్లు, ఇటువైపు అంతకాలం ఉంటే చుట్టపుచూపు అనడంలో న్యాయం లేదు.

తెలుగు ఉపాధ్యాయుల అలవాటు కొద్దీ మాట అర్థం కూడా చెబుతాను. తిథి చూసుకోకుండా, ముందు చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు అర్థం చెబుతారు. పక్షి అలా రాదు. ఏటా తన కాలానికి వస్తుంది, తన కాలానికి పోతుంది. కాలికి వలయం తొడిగి వదిలిన పక్షులు మరుసటి ఏడు మళ్లీ అదే తావుకు వచ్చిన సంగతి శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు చూశారు. వేల కిలోమీటర్ల అవతల నుంచి గుర్తుపెట్టుకుని వచ్చేది తనదనుకున్న చోటికే కదా. నిజం చెప్పాలంటే, వచ్చే తేదీ తెలియనిది బదిలీ ఉత్తర్వు ఒక్కటే.

పక్షికి రెండు ఇళ్లుంటాయని ఒప్పుకోవడం మనుషులకు ఎప్పుడూ కష్టంగానే ఉంది. యూరప్‌లో ఒకప్పుడు వేసవి పక్షులు చలికాలంలో మాయమైతే రకరకాల ఊహలు చేశారు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కొన్ని పక్షులు తొర్రల్లో దాక్కుంటాయని రాశాడు. చెరువుల అడుగున బురదలో నిద్రపోతాయని చాలాకాలం నమ్మారు. 17వ శతాబ్దంలో చార్లెస్ మార్టన్ అనే ఇంగ్లీషు పండితుడు అవి చంద్రమండలానికి పోతాయని వాదించాడు. చంద్రుడి దాకా పోయింది ఊహ. ఇంకో దేశంలో వాటికి ఇంకో ఇల్లు ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు. 1822లో జర్మనీలోని క్లూట్జ్ అనే ఊరి దగ్గర ఒక తెల్ల కొంగ దొరికింది. దాని మెడలో ఒక ఈటె గుచ్చుకుని ఉంది. ఆ ఈటె ఆఫ్రికాది. గాయంతోనే ఆ కొంగ అంత దూరం ఎగిరి వచ్చింది. "మా కొంగ" అని జర్మన్లు అనుకుంటున్న పక్షికి ఆఫ్రికాలో కూడా బతుకుందని అప్పుడు కళ్లారా చూశారు. ఆ కొంగను ఇప్పటికీ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచి ఉంచారు.

మనం దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు చేస్తున్నాం. నీళ్ల మీద గుంపుగా పక్షులు కనబడితే చాలు, "సైబీరియా పక్షులు" అనేస్తాం. సంతరాగాఛీ ఝీల్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఈల వేసినట్టు కూసే చిన్న గోధుమరంగు బాతు. బెంగాలీలో సరాల్ అంటారు. అది మన దేశపు పక్షే. నీరు, మేత చూసుకుని దేశంలోనే చోటు మారుతుంటుంది. దానితోపాటు సూదితోక బాతుల వంటివి మాత్రం ఉత్తరాది నుంచి వస్తాయి. ఒకే నీటి మీద దూరం నుంచి వచ్చినవి, దగ్గర నుంచి వచ్చినవి, ఎక్కడికీ పోని నీటికోళ్లు కలిసి ఈదుతుంటాయి. ఎవరు స్థానికులు, ఎవరు బయటివాళ్లు అనే పేచీ నీళ్లలో లేదు. మన తరగతి గది కూడా ఇలాగే ఉంటుందని వేరే చెప్పక్కరలేదు.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరుంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వర్షాకాలానికి వస్తాయి. వీటిని కూడా సైబీరియా పక్షులనే చెప్పుకుంటారు. ఇక్కడ మీకు పనికొచ్చే ఒక గుర్తు చెబుతాను. ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చే బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు. కాబట్టి చలికాలంలో కొమ్మ మీద గూడు కట్టి పిల్లలకు మేత పెడుతున్న కొంగ సైబీరియాది అయ్యే అవకాశం లేదు. తేలినీలాపురం, తేలుకుంచి కొంగలు మన దేశంలోనే తిరిగే పక్షులు. నత్తగుల్ల కొంగలనే చూడండి. బెంగాల్ ఉత్తర భాగంలో రాయ్‌గంజ్ దగ్గరి కులిక్ అభయారణ్యంలో అవి వేల సంఖ్యలో గూళ్లు కడతాయి. బెంగాలీలో వాటి పేరు శామూక్‌ఖోల్. శామూక్ అంటే నత్త. నత్తలు తినే ఈ కొంగకు రెండు భాషలూ నత్త పేరే పెట్టుకున్నాయి.

తేలినీలాపురం గ్రామస్థులు పక్షుల రాకను శుభంగా భావిస్తారు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదనుకుంటారు. కర్ణాటకలో కొక్కరెబెళ్లూరు అనే ఊరివాళ్లు ఇంకొక అడుగు ముందుకు వేశారు. చెట్ల మీద గూళ్లు కట్టే కొంగలు, గూడబాతులు పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల వంటివని అంటారు. ఈ మాట నాకు నచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఎవరూ అతిథి అనరు. ఆమె వచ్చినా, వెళ్లినా ఆ ఇంట్లో ఆమెకు చోటుంటుంది. అత్తవారిల్లూ ఆమెదే, పుట్టిల్లూ ఆమెదే. పక్షిని ఏమని పిలవాలో పత్రికలకు తోచకపోతే ఈ పల్లెవాళ్లను అడిగితే సరిపోయేది.

సెలవులకు తెలుగు ఊళ్లకు వెళ్లేవాళ్లు ఈసారి రైలులో కిటికీ పక్కన కూర్చోండి. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే దారి పొడవునా పక్షుల ఊళ్లున్నాయి. మొదట సంతరాగాఛీ. ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ దాటి ఒడిశాలోకి వెళ్తే బాలుగావ్ దగ్గర చిలికా సరస్సు కనబడుతుంది. ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అది. చలికాలంలో అక్కడ లక్షల పక్షులుంటాయి. ఇచ్ఛాపురం వస్తే తేలుకుంచి, నౌపడ స్టేషన్ వస్తే తేలినీలాపురం దగ్గరే. ఏలూరు దగ్గర కొల్లేరు. నెల్లూరు దాటాక దొరవారిసత్రం దగ్గర గూడబాతుల నేలపట్టు, ఆ తర్వాత సూళ్లూరుపేట పక్కన ఫ్లెమింగోల పులికాట్. మీ నాన్నగారి బదిలీ మీద మీరు ఏ దారిన వచ్చారో ఆ దారి వెంబడే ఇన్ని విడుదులున్నాయి.

ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రం నుంచి హిందూ మహాసముద్రం దాకా సుమారు 30 దేశాల మీదుగా సాగే పక్షుల దారిని మధ్య ఆసియా మార్గం అంటారు. మన దేశం దాని నడుమ ఉంది. ఈ దారిలో వచ్చే పట్టెతల బాతు హిమాలయాలను దాటుతుంది. ఉపగ్రహ పరికరం కట్టి పరిశీలించినప్పుడు 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. ఇంతటి దారిలో ఒక్కొక్క చెరువు ఒక్కొక్క మెట్టు. మెట్టు ఊడిపోతే కింది మెట్లు, పై మెట్లు ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస జీవుల రక్షణ గురించి ప్రపంచ దేశాల సమావేశం జరిగింది. దాని నినాదంలో ఈ జీవులను ఇంటికి స్వాగతిస్తున్నామని అన్నారు. అక్కడ ఇల్లు అనే మాట వాడినవారికి నా నమస్కారం.

మాటలో ఏముంది, అతిథి అన్నంత మాత్రాన ఏం నష్టం అని అడగవచ్చు. నష్టం ఉంది. అతిథికి మనం పెట్టేది మర్యాద. పెట్టినా గొప్పే, పెట్టకపోయినా అడిగేవారు లేరు. చెరువు పక్షికి చెందుతుందని ఒప్పుకుంటే మాత్రం దాన్ని పూడ్చడం, మురికి చేయడం ఒకరి ఇల్లు పడగొట్టడంతో సమానం అవుతుంది. సైబీరియా కొంగ కథ వినండి. నిజంగా సైబీరియా నుంచే వచ్చే తెల్లని పెద్ద కొంగ అది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఏటా వచ్చేది. దారిలో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలో వేటకు బలయ్యాయి. అన్నిచోట్లా అది అతిథే, ఎక్కడా ఇంటిదని అనుకోలేదు. 2002 చలికాలం తర్వాత భరత్‌పూర్‌కు ఒక్కటీ రాలేదు. చైనాలోని పోయాంగ్ సరస్సుకు వెళ్లే మందలు ఇంకా ఉన్నాయి. వాటికి మన దారి తెలియదు. ఈ జాతి పిల్లలు పెద్దవాటితో కలిసి ఎగిరి దారి నేర్చుకుంటాయి. దారి తెలిసిన పెద్దలు పోయాక దారి కూడా పోయింది.

దీనికి ఎదురు కథ నాగాలాండ్‌లో ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో చదివి వచ్చినవాళ్లకు తెలిసే ఉంటుంది. అముర్ డేగ అనే చిన్న డేగ రష్యా తూర్పు ప్రాంతం, ఉత్తర చైనాల నుంచి దక్షిణ ఆఫ్రికా వైపు పోతూ డోయాంగ్ జలాశయం దగ్గర ఆగుతుంది. ఆగేది కొద్ది వారాలు మాత్రమే. 2012లో అక్కడ వలలు వేసి వేల వేల డేగలను పట్టి చంపుతున్న సంగతి బయటపడింది. ఊరి పెద్దలు కూర్చుని వేట మానాలని తీర్మానించారు. 2013లో మూడు డేగలకు ఉపగ్రహ పరికరాలు కట్టి నాగా, పాంగ్తీ, వోఖా అని పేర్లు పెట్టి వదిలారు. పాంగ్తీ అంటే ఆ పక్కనున్న ఊరి పేరే. వోఖా ఆ జిల్లా పేరు. ఊరి పేరు పెట్టుకున్న డేగను ఆ ఊరివాళ్లు బయటిదని ఎలా అంటారు? ఏడాదిలో కొద్ది వారాలుండే పక్షిని సొంతం చేసుకున్నారు కాబట్టే దాని ప్రాణం నిలిచింది.

మళ్లీ మన సంతరాగాఛీకి వద్దాం. ఆ ఝీల్ రైల్వే స్థలంలో ఉంది. చుట్టూ ఇళ్లు పెరిగాయి. మురుగునీరు, చెత్త చెరువులో చేరుతున్నాయని వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దానికితోడు గుర్రపుడెక్క. బెంగాలీలో కొచురిపానా అంటారు. చెరువంతా అల్లుకుంటే పక్షి దిగడానికి నీరు కనబడదు. పూర్తిగా తీసేస్తే ఎండలో కూర్చుని ఈకలు సవరించుకోవడానికి తావుండదు. అందుకని చలికాలానికి ముందు చాలా భాగం తీసి, కొంత మాత్రం తేలే లంకల్లా వదలాలి. ఇది ఏటా చేయాల్సిన పని. ఒక్క ఏడు ఆలస్యమైనా పక్షులకు ఇబ్బందే. ఒకప్పుడు అలీపూర్ జంతుప్రదర్శనశాల చెరువుకు కూడా ఈ బాతులు పెద్ద సంఖ్యలో వచ్చేవి. తర్వాత బాగా తగ్గిపోయాయి. నగరంలో పక్షికి చోటు తగ్గే కొద్దీ మిగిలిన చెరువు విలువ పెరుగుతుంది.

ఇప్పుడు మన సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు పుస్తకంలో "హోం టౌన్" అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక్క ఊరు పేరే రాయాలి. ఎల్టీసీ కోసం అది అవసరమే, తప్పు పట్టను. కానీ పిల్లల మనసులో కూడా ఆ గడి ఒక్కటే ఉండిపోతోంది. మీ ఊరేది అని అడిగితే వేసవి సెలవుల్లో పది రోజులు చూసిన తాతగారి ఊరు చెబుతారు. ఏడాదికి మూడు వందల రోజులకు పైగా నీళ్లు తాగి, స్నేహం చేసి, మోకాలు గీరుకుని పెరిగిన ఊరి పేరు చెప్పరు. తాతగారి ఊరు చెప్పడం మంచిదే, దాన్ని వదలకండి. రెండో పేరు కూడా చేర్చండి అంటున్నాను.

మనం అతిథులమనుకోవడం వల్ల రెండు నష్టాలు. "ఉండేది మూడేళ్లే కదా" అనే మాట వెంట నిర్లక్ష్యం వస్తుంది. క్వార్టర్ ముందు మొక్క నాటరు. కొళాయి కారుతుంటే చెప్పరు. బెంగాలీ నాలుగు మాటలు నేర్చుకోరు. రెండో నష్టం ఇంకా పెద్దది. ఇక్కడివాళ్లం కామనుకున్న పిల్లలు తాతగారి ఊరికి వెళ్తే అక్కడ కూడా బయటివాళ్లలాగే కూర్చుంటారు. ఎక్కడా నాది అనుకోకుండా పెరగడం ఏ పిల్లలకూ మంచిది కాదు. సూదితోక బాతుకు ఆ బాధ లేదు. అక్కడ ఉన్నప్పుడు అక్కడిది, ఇక్కడ ఉన్నప్పుడు ఇక్కడిది.

తెలివైన విద్యార్థి ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతాడు. "టీచర్, పక్షి వచ్చే ఏడు మళ్లీ ఇదే చెరువుకు వస్తుంది. మా నాన్నగారికి గువాహటికో జబల్‌పూర్‌కో బదిలీ అయితే నేను మళ్లీ ఇక్కడికి రాను. నాకూ పక్షికీ పోలికేమిటి?" న్యాయమైన మాట. పోలిక అక్కడితో ఆగిపోతుందని ఒప్పుకుంటాను. నేను కూడా ఎన్నో ఊళ్లలో పనిచేశాను, ఏ బడికీ రెండోసారి వెళ్లలేదు. అయితే ఆలోచించండి. క్వార్టర్ల మధ్య మీరు కాయలు కోసుకునే మామిడి చెట్టును నాటింది మీ నాన్నగారు కాదు. ఎప్పుడో బదిలీ అయిపోయిన ఎవరో ఉద్యోగి నాటారు. ఆయన దాని కాయ తిన్నారో లేదో కూడా తెలియదు. మనం తిరిగి రాము కాబట్టి వదిలేయవచ్చు అని ఆయన అనుకుని ఉంటే మీకు మామిడికాయ లేదు. పక్షి తన తర్వాతి చలికాలం కోసం చోటును నమ్ముకుంటుంది. మనం మన తర్వాత వచ్చే కుటుంబం కోసం చోటును బాగా ఉంచాలి. మనకున్న తేడా ఇదే. దానివల్ల బాధ్యత తగ్గదు.

భాష విషయంలో కూడా సైబీరియా కొంగ మనకు పాఠం చెబుతోంది. కోకిల జాతి పక్షుల్లో కొన్ని, తల్లిదండ్రులను ఎన్నడూ చూడకుండానే, ఒంటరిగా సరైన దిక్కుకు ఎగరగలవు. ఆ దారి వాటికి పుట్టుకతో వస్తుంది. పెద్ద కొంగలకు అలా రాదు, నేర్చుకోవాలి. భాష కూడా పుట్టుకతో వచ్చేది కాదు, పెద్దల వెంట నడిచి నేర్చుకునేది. ఇంట్లో తెలుగు మాట్లాడండి, నానమ్మకు ఫోన్లో తెలుగులోనే కథ చెప్పండి. పక్కింటి బెంగాలీ స్నేహితుడి దగ్గర బెంగాలీ నేర్చుకోండి. రెండు ఇళ్లున్న ప్రాణికి రెండు దారులూ తెలిసి ఉండాలి.

చివరగా, ఈ చలికాలానికి ఒక పని చెబుతాను. ప్రతి తరగతికీ ఒక నోటుపుస్తకం పెట్టండి. మైదానంలో ఖంజన్ మొదటిసారి కనబడిన తేదీ రాయండి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో చివరిసారి కనబడిన తేదీ రాయండి. మధ్యలో చూసిన ప్రతి పక్షి పేరు తెలుగులో ఒకటి, బెంగాలీలో ఒకటి, తెలుగు అక్షరాల్లోనే రాయండి. తెలుగు పేరు తెలియకపోతే నానమ్మను అడగండి, బెంగాలీ పేరు స్నేహితులను అడగండి. జనవరిలో నీటి పక్షుల లెక్కింపు ఆసియా అంతటా జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు సామాన్యులు తమ చుట్టూ ఉన్న పక్షులను లెక్కపెట్టే కార్యక్రమం మన దేశంలో 2013 నుంచి సాగుతోంది. బడులు కూడా అందులో చేరవచ్చు. పదిహేను నిమిషాలు ఓపికగా చూసి రాయగలిగితే చాలు.

టీసీ తీసుకుని వెళ్లే రోజున ఆ పుస్తకం మీతో పట్టుకుపోకండి. తరగతి బీరువాలో వదిలి వెళ్లండి. జూన్‌లో ఇంకో ఊరి నుంచి వచ్చిన ఒక అబ్బాయో అమ్మాయో దాన్ని తీసి చూస్తారు. నవంబరులో మైదానంలో ఏ పిట్ట కోసం ఎదురుచూడాలో ఆ పిల్లలకు ముందే తెలుస్తుంది.